తొక్కకూడని నీళ్ళు

తెనాలిలో పరుపులు కుట్టే అల్లాబక్ష్ ఇంటి పెరడు. గోడ పక్కన పాత సిమెంటు గాబు ఉంది. ఎండ ఇంకా తగ్గలేదు. అల్లాబక్ష్ కుర్చీలో కూర్చున్నాడు. భార్య మున్నీసా మట్టి సర్దుతోంది.

"అందులో ఆ ఎండాకులు కలపకు మున్నీసా. నీళ్ళలో కుళ్ళి కంపు కొడతాయి."

"ఎరువు లేకపోతే మొక్క ఎట్లా బతుకుద్దండీ? మల్లెకి ఇదేగా వేసేదాన్ని."

"మల్లె వేరు, కలువ వేరు. దీనికి వట్టి బంకమట్టి చాలంట. పైన కాస్త ఇసక, ఇసక మీద గులకరాళ్ళు. మట్టి పైకి లేవకుండా. షఫీక్ ఫోన్లో చూసి చెప్పాడు. కాలవ మట్టి కూడా తెస్తానన్నాడు."

"కలువల గురించి చూడ్డానికి తీరికుందన్నమాట మీ తమ్ముడికి."

"మళ్ళీ మొదలెట్టావా."

"నేనేమన్నానండీ? తీరికుందన్నాను. అదీ తప్పేనా?"

"అనకుండా అనడం నీకు బాగా వచ్చు."

"ఆ ఇటుక దించండి! ఏంటండీ అది? డయాలిసిస్ మిషను పెట్టే చెయ్యి అది. ఆ చేత్తో బరువెత్తొద్దని సిస్టరు ఎన్నిసార్లు చెప్పింది?"

"మర్చిపోయా."

"మీరు మర్చిపోతారు. ఆ నరం కాస్తా మూసుకుపోతే మళ్ళీ మెడలో గుచ్చుతారు గొట్టం. అప్పుడు గుర్తొస్తది."

"దించా. చూడు, దించేశా. దూదిబేళ్ళు మోసిన చెయ్యి. ఇటుక ఎత్తితే తప్పైపోయింది."

"మీరు చెప్పండి, నేను చేస్తా. ఇటుకలు ఎక్కడ పెట్టను?"

"గాబు అడుగున, నడిమధ్యలో. వాటి మీద కలువ కుండీ పెట్టాలి. మొదట్లో కాడలు పొట్టిగా ఉంటాయి గదా, ఆకు పైకి అందాలి. కాడలు పెరిగేకొద్దీ ఒక్కో ఇటుక తీసేస్తే కుండీ కిందకి దిగుద్ది."

"మొక్క పెరిగేకొద్దీ లోతుకి దించాలా? ఇదేం పెంపకమండీ."

"దాని పెంపకం అట్లా రాశాడు పైనున్న ఆయన. గాబు పగులు సరిగ్గా పూడ్చావా?"

"పూడ్చి, నీళ్ళు పోసి, పారబోసి, మళ్ళీ పోసి, మళ్ళీ పారబోసి నా నడుం పడిపోయింది. కొత్త సిమెంటు ఘాటు పోకపోతే చేపలు చస్తాయన్నారుగా. ఇప్పుడు ఒక్క చుక్క కారట్లా."

"చేపలేయి?"

"అదుగో, గట్టు మీద పచ్చడి సీసాలో. పక్కింటి దేవకుమారి టీచరుగారు పంపారు. వాళ్ళ బళ్ళో తొట్టిలో పిల్లలు పెంచుతున్నారంట. దోమపిల్లల్ని తినేస్తాయని చెప్పారు. వాళ్ళ చర్చిలో ఆదివారం మీ పేరు చదివి ప్రార్థన కూడా చేశారంట."

"మంచిది. ఎవరు చేసినా మంచిదే."

"ఏమండీ, ఒకటి అడుగుతా. దర్గాలో దువా చదివి ఊదిన నీళ్ళల్లో కూడా దోమలు గుడ్లు పెడతాయా?"

"ఎందుకు పెట్టవు? ఏ నీళ్ళు ఎవరు చదివి ఊదారో దోమకేం తెలుసు?"

"అట్లా అనకండి."

"ఎగతాళి కాదే. నేనూ అడుగుతున్నా. అల్లా పేరు చదివి ఊదిన నీళ్ళు దోమకి పనికొస్తాయి. చేపకి పనికొస్తాయి. కలువకి పనికొస్తాయి. ఎవరి కోసం ఊదారో వాడికి మాత్రం పనికిరావు. అదెందుకో ఆయనకి తెలిసే ఉంటది. నాక్కూడా చెప్తే బాగుండు."

"పనికిరావని ఎవరన్నారు? ఒక గుక్క తాగొచ్చుగా."

"తాగితే డాక్టరు రోజుకింతని కొలిచిన నీళ్ళలో ఒక గుక్క తగ్గిపోద్ది. అప్పుడు బిళ్ళలు దేంతో మింగను? గూట్లో ఆ నీళ్ళ సీసాలన్నీ తెచ్చావా?"

"ఇంకా ఉన్నాయి. గూడు నిండి బియ్యం డబ్బా మీద పెట్టా. అదీ నిండి మంచం కింద పెట్టా. మీ తమ్ముడు వచ్చినప్పుడల్లా దర్గా నించి ఒక డబ్బా. మా పిన్ని మక్కాలో ఉమ్రా చేసి తెచ్చిన జంజం నీళ్ళు వేరే. మీరేమో తాగకూడదు. పారబోద్దామంటే కాలవలో పోయకూడదు, ఎవరి కాళ్ళ కిందా పడకూడదు. మల్లెకి పోసి పోసి అది కాస్తా వేరు కుళ్ళి చచ్చింది."

"అందుకే గదా ఇమాం సాబుని అడిగింది. కాళ్ళు పడని చోట పొయ్యండి, మొక్కకైతే మరీ మంచిది అన్నాడు. మన పెరడంతా గచ్చు చేసుకున్నాం. కాళ్ళు పడని చోటు ఈ గాబు ఒక్కటే."

"సరే, నాకు ఇంకో భయం ఉంది. చెప్తే కోప్పడకండి."

"చెప్పు."

"ఇన్ని నీళ్ళు ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే దాహం ఎక్కువవ్వదా మీకు?"

"ఇప్పుడు తక్కువుందా? అన్నం తింటే దాహం, మాట్లాడితే దాహం. కుళాయి వచ్చినప్పుడు పక్కింట్లో బిందె నిండే చప్పుడు వింటే నా గొంతు దానంతటదే మింగుద్ది. ఎదురుగా ఉంటే అలవాటవుద్దేమో చూద్దాం. ఊరందరికీ పరుపులు కుట్టి నేను చాప మీద పడుకోలేదూ?"

"పరుపుకీ నీళ్ళకీ పోలికేంటండీ."

"లేదులే. నవ్వుతావని అన్నా. వుజూ చేసేటప్పుడు నువ్వు నా గొంతు వంక చూస్తావు, నాకు తెలుసు."

"నేనెందుకు చూస్తా?"

"పుక్కిలించి ఉమ్మేదాకా చూస్తావు. నమాజుకి ముందు కడుక్కునే నీళ్ళకి కూడా కాపలా."

"చూస్తా. ఏం చెయ్యమంటారు? మొన్న మిషను ఎక్కించే ముందు నీళ్ళతో పెరిగిన మీ బరువు చూసి డాక్టరుగారు నన్ను అరిచాడు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరా అన్నాడు. అంతమందిలో. మొగుడు నీళ్ళు తాగకుండా కాపలా కాసే పెళ్ళాం ఎక్కడన్నా ఉందా? ఎండలో వచ్చిన కుక్కకైనా ముంతెడు పోస్తాం. మీకు పోయడానికి నా చెయ్యి రాకూడదు."

"ఏడవకు. రంజాను నెల్లో బాగుంది నాకు. పగలంతా ఊరు ఊరంతా నాలాగే ఉన్నారు. సాయంత్రం మసీదులో బాంగు వినపడేసరికి మళ్ళీ వాళ్ళు వాళ్ళే, నేను నేనే."

"నా కిడ్నీ పనికొచ్చుంటే ఈపాటికి ఈ గొడవే లేదు. షుగరుందని గుమ్మంలోనే పంపేశారు నన్ను. మిగిలింది మీ తమ్ముడు. కిడ్నీ ఇస్తానన్నది తనే. మనం అడిగామా? మీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి, నాది తీసుకో అన్నయ్యా అన్నాడు. గుంటూరు వెళ్ళాడు. రక్తం తీశారు, స్కానింగు తీశారు. వచ్చాడు. ఇక అంతే, నోరు కుట్టేసుకున్నాడు."

"రిపోర్టులు రాలేదేమో."

"ఒకసారి రాలేదంటాడు. ఒకసారి వచ్చాయి, ఇంకో డాక్టరు చూడాలంటాడు. ఒకసారి బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోతాడు. ఇస్తానంది కిడ్నీ, తెచ్చేది నీళ్ళు."

"మున్నీసా!"

"ఆలియా వద్దని ఉంటది. నేను దాన్నీ తప్పు పట్టట్లా. దాని మొగుడు, దాని పిల్లలు. ఇవ్వను వదినా అని ఒక్క మాట చెప్తే మనం ఇంకో దారి చూసుకుంటాం గదా."

"ఇంకో దారెక్కడుంది?"

"యాస్మిన్ ఇస్తానంటోందిగా."

"ఆ మాట ఎత్తకు. కడుపున పుట్టినదాని ఒంటి మీద కత్తి పెట్టించుకుని నేను బతకను. చంటిబిడ్డ తల్లి అది. వాళ్ళ అత్తగారు ఏమంటుంది? ఆడపిల్లని రేపల్లె ఇచ్చింది ఇందుకా?"

"మరి మిషను ఎన్నాళ్ళు లాగుద్దండీ? మొన్న మధ్యలోనే బీపీ పడిపోయి కళ్ళు తేలేశారు. నర్సు నన్ను బయటికి నెట్టింది. ఆ తలుపు బయట నేను..."

"అల్లా లాగించినన్నాళ్ళు లాగుద్ది. మాటివ్వు. షఫీక్ వస్తే నువ్వు ఆ సంగతి అడగవు."

"ఎందుకడగకూడదు?"

"అడిగితే కాదనలేక ఇస్తాడు. అట్లా ఇచ్చింది నాకొద్దు. లేకపోతే ఇవ్వలేక సిగ్గుపడి రావడం మానేస్తాడు. అదీ నాకొద్దు. నాన్న పోయినప్పుడు వాణ్ణి నేను భుజాన వేసుకుని పెంచా. మాటివ్వు."

"సరే. అడగను."

"వదినా! తలుపు తియ్యి, చేతులు ఖాళీ లేవు."

"తీసే ఉంది షఫీ, తోసుకుని రా."

"ఇదుగో మట్టి. మంచి బంక, చేతికి అంటుకుంటే వదలట్లా. ఇదుగో దుంప. ఇవి ఇసక, రాళ్ళు. అన్నయ్యా, ఎట్లా ఉన్నావు?"

"కుర్చీలో ఉన్నా. ఎక్కడ దొరికిందిరా దుంప?"

"భట్టిప్రోలు దగ్గర కాలవలో. నిన్న రేపల్లె వైపు వెళ్ళా. వచ్చేటప్పుడు తెల్ల కలువలు కనపడ్డాయి. ప్యాంటు మడుచుకుని దిగా. జారి మొలలోతు పడ్డా."

"రేపల్లె వెళ్ళావా షఫీ? యాస్మిన్ని చూశావా?"

"ఆ... లేదు వదినా."

"రేపల్లె దాకా వెళ్ళి దాన్ని చూడకుండా వచ్చావా?"

"పనుండి వెళ్ళా. టైము లేదు."

"నీది బాపట్లలో మెకానిక్ షెడ్డు. రేపల్లెలో నీకేం పని?"

"స్పేర్ పార్టు. ఒక స్పేర్ పార్టు కావాల్సొచ్చి... అది సరేగానీ, గాబుకి ఎండ తగులుద్దా ఇక్కడ? పూట ఎండైనా లేకపోతే పువ్వు పుయ్యదంట."

"పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తగులుద్దిరా. తర్వాత గోడ నీడ."

"చాలు. అయితే ఇక్కడే."

"ముందు ఈ నీళ్ళు తాగు షఫీ. చొక్కా పిండితే బకెట్టు నిండేట్టుంది."

"వద్దు వదినా."

"తాగరా. నా ముందు తాగితే నాకేం కాదు."

"దాహం లేదు అన్నయ్యా."

"విన్నావా మున్నీసా? బాపట్ల నించి ఈ ఎండలో బండి మీద వచ్చినోడికి దాహం లేదంట. నాకేమో కూర్చున్నచోటే దాహం. మా ఇద్దర్నీ కలిపి కలియదిప్పితే ఒక సరైన మనిషి వచ్చేవాడు."

"ఆ డబ్బాలో ఏంటి షఫీ?"

"దర్గా నీళ్ళు."

"మళ్ళీనా! ఉన్నవి ఎక్కడ పోయాలో తెలీకే గదా ఈ గాబు."

"గాబు పెద్దదేగా వదినా. పడతాయి."

"పడతాయిలే. నువ్వు ఏం తెచ్చినా పడాల్సిందేగా మాకు."

"మున్నీసా, ఆ కుండీ ఇటివ్వు. షఫీ, సగానికి పైగా మట్టి నింపు. ఇప్పుడు దుంప పెట్టు. నిలువుగా కాదురా, పడుకోబెట్టు. అంచు వైపు పడుకోబెట్టు, మొలక మధ్యకి చూస్తుండాలి."

"ఇట్లానా?"

"ఊ. మొలక మీద మట్టి కప్పకు. దానికి ఊపిరాడాలి. ఇప్పుడు ఇసక. రాళ్ళు. వదిన చేతికివ్వకు, అది కోపంలో మొలక విరగ్గొట్టుద్ది."

"నాకేం కోపమండీ? నాకు కోపం వచ్చి ఏం లాభం?"

"వదినా, ఆ పక్క పట్టుకో. ఇద్దరం కలిసి దించుదాం. అన్నయ్యా, నువ్వు లేవకు."

"లేవట్లేదురా. ఇటుకల మీద కూర్చుందా? కదిపి చూడు."

"కూర్చుంది."

"ఇప్పుడు మొలక మీద ఆ పళ్ళెం పెట్టి, నీళ్ళు పళ్ళెం మీద పొయ్యండి. నేరుగా పోస్తే మట్టంతా లేస్తది. ముందు కుళాయి నీళ్ళు."

"నిన్నే పట్టి బిందెల్లో ఉంచా. బ్లీచింగు వాసన పోయింది. తర్వాత ఊదిన నీళ్ళు పోద్దాం. బిస్మిల్లా అనండి మీరు."

"బిస్మిల్లా. మెల్లగా... ఆహా. చప్పుడు చూడండిరా."

"ఏమండీ, ఇవన్నీ కలిసిపోతే ఏవి ఊదినవో, ఏవి కుళాయివో ఎట్లా తెలుస్తది?"

"ఎందుకు తెలియాలి? అన్నీ ఆయన నీళ్ళేగా. మునిసిపాలిటీ వాళ్ళు బ్లీచింగు కలిపారు, ఇమాం సాబు దువా కలిపాడు."

"మీకు అన్నీ నవ్వులాటే."

"బాంగు అవుతోంది. నేను లోపలికెళ్ళి అసర్ నమాజు చదువుకుని వస్తా. మీరు పోస్తూ ఉండండి. చేపల్ని మాత్రం నేనొచ్చాకే వదలాలి. మున్నీసా..."

"ఏంటండీ?"

"ఏం లేదు. గుర్తుందిగా."

"ఉందిలెండి. వెళ్ళండి."

"నా గొంతు చూడ్డానికి రావా?"

"ఇవాళ రాను. ఇవాళ మీరే చూసుకోండి."

"వదినా, పళ్ళెం పక్కకి జరిగింది. మట్టి లేస్తోంది."

"లేవనీ."

"మొలక మీద పడుద్ది."

"పడనీ. షఫీ, ఇటు చూడు."

"చూస్తున్నా."

"గాబులోకి కాదు. నా వంక."

"ఈ సీసా మూత రావట్లేదు వదినా. బిగుసుకుపోయింది."

"ఆ సీసా కింద పెట్టు. నిన్ను అడగనని మీ అన్నకి మాటిచ్చా. అందుకని అడగను. చెప్తా, విను."

"అన్నయ్య వచ్చేస్తాడు."

"రానీ. నీ మీద నాకు కోపం లేదు. కాదు, ఉంది. చేతిలో ఊదిన నీళ్ళు పెట్టుకుని అబద్ధమెందుకు, ఉంది. ఇవ్వనందుకు కాదు. ఎవరి ఒళ్ళు వాళ్ళకి తీపి. నీకు చిన్నపిల్లలున్నారు. ఇవ్వకు. నేనేమన్నా నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నానా? కానీ ఆయన్ని చూడు. నీ బండి చప్పుడు వినపడితే చాలు, దువ్వెన అడుగుతాడు. ఇవాళ చెప్తాడేమో అని. నువ్వు నీళ్ళ డబ్బా పెట్టి వెళ్ళిపోతావు. నువ్వు వెళ్ళాక, పాపం వాడికి ఏం కష్టమో అంటాడు."

"నేను ఇవ్వనని అన్లేదు వదినా."

"ఇస్తాననీ అనట్లేదుగా. ఆలియా వద్దందా?"

"ఆలియాకి అసలు తెలీదు."

"ఏం తెలీదు?"

"ఏం లేదు."

"మళ్ళీ ఏం లేదు. మీ అన్నదమ్ములిద్దరికీ ఆ మాట ఒక్కటే వచ్చా? సరే. నువ్వు చెప్పకు. నేను యాస్మిన్‌తో మాట్లాడేశా. సోమవారం వస్తోంది. ఇద్దరం గుంటూరు వెళ్తాం. మీ అన్నకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

"వద్దు."

"ఏంటి వద్దు?"

"యాస్మిన్ని ఇందులోకి లాగకు వదినా."

"నువ్వివ్వవు. ఇచ్చేదాన్ని వద్దంటావు. మరి ఏం చెయ్యమంటావు షఫీ? ఈ గాబు పక్కన కూర్చోబెట్టి ఆయన ఎప్పుడు పోతాడా అని చూస్తుండమంటావా? ఓహో, నిన్న రేపల్లె వెళ్ళింది అందుకా? దాని మనసు విరవడానికి వెళ్ళావా?"

"చెప్పడానికి వెళ్ళా."

"ఏం చెప్పడానికి?"

"వాళ్ళ వీధి చివరిదాకా వెళ్ళా. బిడ్డనెత్తుకుని అరుగు మీద నుంచుని ఉంది. కూరగాయల బండివాడితో బేరమాడుతోంది. నవ్వుతోంది. నన్ను చూడలేదు. వెనక్కి తిప్పుకుని వచ్చేశా. అప్పుడే ఆ కాలవ దగ్గర ఆగింది. కలువల కోసం ఆగలేదు వదినా. ఊరికే ఆగా. బండి నడపడం చేతకాక."

"షఫీ, నాకు భయమేస్తోంది. ఏం చెప్పడానికి వెళ్ళావు?"

"గుంటూరులో నాకు స్కానింగు తీసే ఆయన సరదాగా మాట్లాడుతున్నాడు. ఏ ఊరు, ఏం పని అని. ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేశాడు. లేచి వెళ్ళి ఇంకొకాయన్ని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ ఆ బొమ్మ వంకే చూశారు. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క."

"ఏముందంట?"

"తిత్తులు. నీటి తిత్తులు. అన్నయ్యకి ఉన్నట్టే. రెండు కిడ్నీల నిండా."

"నీకా?"

"నాకే."

"నీకు బాగానే ఉందిగా! బండి తోలుతున్నావు, కాలవలో దిగుతున్నావు..."

"అన్నయ్యకీ బాగానే ఉండేది గదా వదినా. బేళ్ళు మోసేవాడు. నావి ఇంకా పనిచేస్తున్నాయంట. ఎన్నాళ్ళు చేస్తాయో చెప్పలేమన్నారు. నాది ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదంట."

"యా అల్లా. మరి బోరు నీళ్ళ వల్ల వచ్చిందని గదా మనం... ఆ పరుపుల కొట్టు దగ్గర ఉప్పు నీళ్ళు తాగబట్టి..."

"నీళ్ళ వల్ల కాదంట. నీటి తిత్తులు అంటే మనం అట్లా అనుకున్నాం. అన్నయ్యకి చెప్పేటప్పుడు కూడా వాళ్ళు చెప్పే ఉంటారు, మనకి అర్థం కాలేదు. మనం నీళ్ళు అన్న మాట ఒక్కటే పట్టుకున్నాం. ఇది పుట్టుకతో వస్తదంట. నాన్న ఒళ్ళంతా వాచి పోయాడు గదా. అందరూ నంజు అన్నారు. మా నాన్న ఎట్లా పోయాడని అడిగారు నన్ను. చెప్తే తలూపారు."

"కూర్చో. ఇక్కడ కూర్చో షఫీ. ముందు ఈ నీళ్ళు తాగు."

"నన్ను నీళ్ళు బాగా తాగమన్నారు వదినా. అదే జబ్బు, అన్నయ్యని తాగొద్దన్నారు, నన్ను బాగా తాగమన్నారు. ఆయన ముందు ఎట్లా తాగను? తాగితే ఎందుకు తాగుతున్నావని అడుగుతాడేమోనని."

"నేను నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను. ఇన్నాళ్ళూ లోపల లోపల..."

"అనాల్సిందే. అన్నయ్యకి మాత్రం చెప్పకు. నన్ను తలుచుకుని ఆయన రేపే మిషను మానేస్తాడు."

"చెప్పను. ఎట్లా చెప్తాను? మరి ఈ దర్గా నీళ్ళు..."

"మొదట్లో అన్నయ్య కోసమే వెళ్ళేవాణ్ణి. ఊదేముందు ఎవరి పేరు మీద అని అడుగుతారు గదా. అన్నయ్య పేరు చెప్పేవాణ్ణి. స్కానింగు అయ్యాక ఒకసారి నా పేరు చెప్పా. సిగ్గేసింది. ఆ నీళ్ళు తాగలేదు, తెచ్చి మీ గూట్లో పెట్టా. ఆ తర్వాత... వదినా, ఇవాళ తెచ్చిన డబ్బా అన్నయ్య పేరు మీద కాదు. నా పేరు మీదా కాదు."

"మరెవరి పేరు మీద?"

"మున్నీసా! నమాజు అయిపోయింది. గాబు నిండిందా?"

"నిండుతోందండీ! మీరు అక్కడే ఉండండి, గచ్చు తడిగా ఉంది, జారుద్ది. షఫీ, ఎవరి పేరు మీద? చెప్పు, ఆయన వచ్చేస్తున్నారు."

"యాస్మిన్ పేరు మీద. సోమవారం దాన్ని గుంటూరు తీసుకెళ్ళు వదినా. ఇవ్వడానికి కాదు. దానికీ ఉందేమో చూపించడానికి."